కీమో తేదీకి ముందు మానాల్సిన పుండు: కొండపి వైపు నుంచి వచ్చిన ఒక కేసు

ఆమె గదిలోకి రాకముందే కర్పూరం వాసన వచ్చింది. దాని వెనకే ఇంకో వాసన. పుండు కంపు పక్కవాళ్లకు తెలియకూడదని కొంగు చివర కర్పూరం బిళ్లలు ముడేసుకుని, ఆ కొంగు ఎడమ రొమ్ము ఉండాల్సిన చోట అదిమిపెట్టుకుని కూర్చుంది. ఆపరేషన్ అయి ఆ రోజుకి 17 రోజులు.

ఒంగోలులో మాది చిన్న నర్సింగ్ హోమ్. క్యాన్సర్ ఆపరేషన్లు నేను చేయను. పెద్ద ఊళ్లలో చేయించుకుని వచ్చినవాళ్ల డ్రెయిన్లు (లోపల చేరే నీటిని బయటికి లాగే గొట్టాలు) తీయడం, కుట్లు విప్పడం, మానని పుళ్లు చూడటం నా పని. ఈ కేసు ఆమె, ఆమె కొడుకు ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఆనవాలు పట్టే వివరాలు కొన్ని మార్చాను.

వయసు 56. కొండపి వైపు పల్లె. పొగాకు సీజన్‌లో ఆకుని వేడితో ఆరబెట్టే బ్యారన్ దగ్గర గ్రేడింగ్‌కి పోతుంది. చుట్ట అలవాటు లేదు. షుగర్ వచ్చి తొమ్మిదేళ్లు. ప్రభుత్వ పథకం కార్డు మీద ఎడమ రొమ్ము, చంకలోని గ్రంథులు తీసేశారు. తీసిన 14 గ్రంథుల్లో మూడింట్లో జబ్బు ఉంది. గ్రంథుల దాకా పాకింది కాబట్టి కీమో ఇవ్వాలన్నారు, ఆ తర్వాత రేడియేషన్. హార్మోన్ రిసెప్టర్ పాజిటివ్, అంటే ఒంట్లోని హార్మోన్ల మీద పెరిగే రకం. ఆంకాలజిస్టు, అంటే కీమో ఇచ్చే క్యాన్సర్ డాక్టరు, రాసిచ్చిన కాగితంలో చివరి వాక్యం ఇదీ: పుండు మానగానే పంపండి, ఆలస్యం చేయొద్దు.

ఆ ఆలస్యం అనే మాటే ఈ కేసు మొత్తం. రొమ్ము ఆపరేషన్ తర్వాత నాలుగు నుంచి ఆరు వారాల్లో కీమో మొదలుపెట్టాలని చూస్తాం. 2016లో అచ్చయిన కాలిఫోర్నియా రోగుల లెక్కల్లో 91 రోజులు, ఆపైన ఆలస్యమైనవాళ్లలో మరణాలు ఎక్కువ కనిపించాయి. మరోపక్క, చీము పట్టిన పుండుతో కీమో ఎక్కిస్తే తెల్లకణాలు పడిపోయే రోజుల్లో ఆ చీమే రక్తంలోకి పాకుతుంది. అందుకే కేస్ షీట్ పైమూలన ఎర్ర పెన్నుతో ఒక తేదీ వేశాను. అది ఆపరేషన్ నుంచి 42వ రోజు. చేతిలో ఉన్నవి 25 రోజులు.

కట్టు విప్పితే పైన గాజుగుడ్డ, దాని కింద ఊళ్లో ఆర్‌ఎంపీ చల్లిన యాంటీబయాటిక్ పొడి అట్టకట్టి ఉంది. పసుపు కూడా కలిసిందేమో, రంగు చూస్తే అనుమానం వచ్చింది గానీ అడగలేదు. సెలైన్ పోసి పది నిమిషాలు నానబెట్టాక ఊడింది. కుట్ల గీత మధ్యలో, రొమ్ము ఎముక వైపు, చర్మం నల్లగా తోలులా మారి పక్కలకి విడిపోయింది. 8 సెంటీమీటర్ల పొడవు, 4 వెడల్పు, లోతు ఒక సెంటీమీటర్. నల్లతోలు అంచున ఆకుపచ్చ రసి. ఆ పచ్చదనం, ఆ తియ్యటి కుళ్లు వాసన ఒకసారి చూసినవాడు సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా అని కల్చర్ (రసిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) రాకముందే చెబుతాడు. రెండు రోజులకి కల్చర్ కూడా అదే చెప్పింది. చుట్టూ రెండు సెంటీమీటర్ల మేర ఎర్రదనం, వేడి. జ్వరం 100.4.

ఇలా ఎందుకైంది? రొమ్ము తీసేటప్పుడు చర్మాన్ని కింది రొమ్ము కణజాలం నుంచి పల్చగా లేపుతారు. ఆ పల్చటి రేకుకి రక్తం అంచుల వైపు నుంచే అందాలి. షుగర్ రోగికి ఆ సన్న నాళాలు అసలే అంతంతమాత్రం. కుట్లు కాస్త బిగిసినా, కింద నీరు చేరినా అంచు చచ్చిపోతుంది. ఎవరి చేతిలోనైనా జరుగుతుంది. నా చేతిలోనూ, వేరే ఆపరేషన్లలో, జరిగింది.

మిగతా లెక్కలు ఇంకా దిగులు పుట్టించాయి. మూడు నెలల షుగర్ సగటు (హెచ్‌బీఏ1సీ) 9.1 శాతం. హిమోగ్లోబిన్ 9.2. రక్తంలోని మాంసకృత్తు ఆల్బుమిన్ 2.9. ఏం తింటున్నావమ్మా అంటే కోడలు చెప్పింది. "పత్యం సారూ. పప్పు తింటే చీము పడతదని పెట్టలా. గుడ్డు పెట్టలా. వంకాయ పెట్టలా. చారన్నం, కారప్పొడి." పదిహేడు రోజులు పుండు మీద ఇంత పొడి చల్లారు, లోపలికి మాత్రం మాంసకృత్తులు అనేవి పోనివ్వలేదు. మూడు వేల రూపాయల కట్టు కట్టినా పప్పు ఆపేసిన ఒంటి మీద మానదు. రోజుకి రెండు కోడిగుడ్లు, పూటా పప్పు, కుదిరిన రోజు చేప అని చీటీ మీద మందుల కంటే పైన రాశాను. కోడలు నమ్మలేదు. మా స్టాఫ్ నర్సు పక్కకి తీసుకెళ్లి తన ఆపరేషన్ కథ చెప్పాక నమ్మింది.

నాలుగు రోజులు చేర్చుకున్నాం. ఇన్సులిన్ మొదలుపెట్టాం. చుట్టూ ఎర్రదనం ఉంది కాబట్టి ఒంట్లోకి యాంటీబయాటిక్ కావాల్సిందే. పైకట్టులో ఎంత గొప్ప మందున్నా చర్మంలోకి పాకిన ఇన్ఫెక్షన్‌ని అది ఆపదు. ఇది జూనియర్లకు ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. నల్లతోలు కత్తిరించేశాను. చచ్చిన కణజాలానికి నొప్పి తెలియదు, అంచు దగ్గర తెలుస్తుంది. కొద్దిగా లిగ్నోకెయిన్ మత్తు ఇచ్చి, రక్తం చుక్క కనిపించేదాకా తీశాను. మందు వదిలే కట్టు ఏదైనా చచ్చిన తోలు మీద వేస్తే బండ మీద నీళ్లు పోసినట్టే.

ఇక కట్టు. ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి.

మొదట క్యాడెక్సోమర్ అయోడిన్ ఎంచుకున్నాను. పిండిపదార్థంతో చేసిన సన్నటి పూసల పొడి అది, వాటిలో 0.9 శాతం అయోడిన్ ఇమిడి ఉంటుంది. పుండు రసిని పీల్చుకుని పూసలు ఉబ్బుతాయి, ఉబ్బేకొద్దీ అయోడిన్ మెల్లగా బయటికొస్తుంది. గోధుమరంగు పొడి మందంతా అయిపోయాక తెల్లబారుతుంది, మార్చాల్సిన టైమ్ రంగే చెబుతుంది. రసి ఎక్కువున్న, మురికి పట్టిన పుండుకి నాకు ఇష్టమైన మందు. పది గ్రాములు పరిచాను. రెండో రోజు మార్చి మళ్లీ పది గ్రాములు వేశాను.

మూడో రోజు, అంటే ఆపరేషన్ తర్వాత 20వ రోజు పొద్దున, రౌండ్స్‌కి వెళితే ఆమె మంచం మీద కూర్చుని చేతిరుమాలు మూట విప్పుతోంది. అందులో షుగర్ బిళ్లలు, ఒక చిన్న సీసా. సీసా మూత తీసి ఒక బిళ్ల నాలుక మీద వేసుకుంది. ఏంటమ్మా అది అన్నాను. "గొంతుకి సారూ. ఏడేండ్ల నించి ఏసుకుంటన్నా. పరగడుపున." థైరాక్సిన్ 75 మైక్రోగ్రాములు.

థైరాయిడ్ జబ్బు ఉన్నవాళ్లకి క్యాడెక్సోమర్ అయోడిన్ వేయకూడదు. తెరిచిన పుండు నుంచి అయోడిన్ రక్తంలోకి పోతుంది. పది గ్రాముల్లో 90 మిల్లీగ్రాముల అయోడిన్ ఉంటుంది. మనిషికి రోజుకి కావాల్సింది 150 మైక్రోగ్రాములే, అంటే ఒక్క కట్టులో ఉన్నది దానికి ఆరు వందల రెట్లు. అంతా లోపలికి పోదు, నిజమే. కానీ వేయకూడదు. డిశ్చార్జ్ కాగితాలు తిరగేశాను. థైరాయిడ్ సంగతి మూడో పేజీలో స్పష్టంగా ఉంది. నేను రెండో పేజీలో ఆగిపోయాను, పుండు వాసన ముక్కుకి తగిలినప్పుడు మూడో పేజీ ఎవరు చూస్తారు అని నాకు నేనే చెప్పుకున్నాను గానీ, చూడాల్సింది నేనే. పొడి కడిగేశాం. ఆమెకీ కొడుక్కీ ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కొడుకు కాసేపు మాట్లాడలేదు. ఆమె మాత్రం, "పోనీలే సారూ, కనిపెట్టినావు గదా" అంది. ఆరు వారాల తర్వాత థైరాయిడ్ రక్తపరీక్ష టీఎస్‌హెచ్ చేయిస్తే ఎప్పటిలాగే ఉంది. అప్పటి నుంచి మా డ్రెస్సింగ్ ట్రాలీ మీద ఒక అట్ట ముక్క వేలాడుతోంది. దాని మీద ఉన్నవి మూడు మాటలే: గొంతు బిళ్ల ఉందా?

అయోడిన్ తీసేశాక వెండికి మారాం. సిల్వర్ ఆల్జినేట్. ఆల్జినేట్ అంటే గోధుమరంగు సముద్రపు నాచు నుంచి తీసిన పీచు. చూడటానికి తెల్లటి దూదిపొరలా ఉంటుంది. ఆ పీచులో కాల్షియం ఉంటుంది, పుండు రసిలో సోడియం ఉంటుంది. రెండూ చోటు మార్చుకుంటాయి, పీచు జిగురుగా, జావలా మారుతుంది. ఆ తడిలోనే వెండి అయాన్లు విడుదలవుతాయి. బ్యాక్టీరియా ఎంజైముల్లోని గంధకపు భాగాలను అవి పట్టుకుంటాయి, గోడను దెబ్బతీస్తాయి. సూడోమోనాస్ మీద బాగా పనిచేస్తుంది. ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది, ఈ కుళాయి తిప్పేది పుండు రసే. రసి ఎక్కువుంటే వెండి దిగుతుంది. పుండు ఎండితే కుళాయి కట్టేసినట్టే, పైగా పీచు అతుక్కుపోయి తీసేటప్పుడు ప్రాణం తీస్తుంది.

వెండి కట్టులన్నీ ఒకటి కావు కూడా. నానోక్రిస్టలైన్ రకాన్ని స్టెరైల్ నీళ్లతో తడిపి వేయాలి, సెలైన్‌తో కాదు. సెలైన్‌లో ఉన్న క్లోరైడ్ వెండిని పట్టేసి పనికిరాకుండా చేస్తుంది. కొన్నేళ్ల కింద మా దగ్గరే ఒక కాలిన గాయానికి వారం రోజులు సెలైన్‌తో తడిపాం, ఎందుకు పనిచేయడం లేదని తల పట్టుకున్నాం.

వెండి వేసిన మూడో రోజుకి పచ్చదనం పోయింది. ఆరో రోజుకి వాసన పోయింది. మా స్టాఫ్ నర్సే ముందు కనిపెట్టింది: "పెద్దమ్మ కొంగులో కర్పూరం లేదు సార్ ఇవాళ."

ఇంటికి పంపేటప్పుడు లెక్కలు వచ్చాయి. మేం తెప్పించే నాలుగంగుళాల ముక్క ఆ రోజున 480 రూపాయలు. పుండుకి ఒక ముక్క సరిపోతుంది. మూడు రోజులకోసారి మార్చాలి. గాజుగుడ్డయితే రోజూ మార్చాలి, రోజూ ఆర్‌ఎంపీకి వంద, లేదా ఒంగోలుకి బస్సు, ఆటో, తోడొచ్చేవాళ్ల కూలి. కొడుకు తన వేళ్ల మీదే లెక్కేసుకుని వెండే నయం అన్నాడు. కోడలికి మా నర్సు రెండు రోజులు చేతులు పట్టుకుని నేర్పింది. చేతులు కడగడం, సెలైన్ పోయడం, జావలా మారిన పొరని లాగకుండా కడిగేయడం, కొత్తది పుండు ఆకారానికి కత్తిరించి పరచడం, పైన ప్యాడ్, టేప్.

ఆరు రోజులకి వస్తే పుండు బాగుంది గానీ ఒక మూల ఎర్రగా పొడిబారి, పీచు అతుక్కుని ఉంది. కోడలు ఒక్కో ముక్కనీ సగానికి కత్తిరించి, ఒక సగం వేసి రెండో సగం స్టీలు డబ్బాలో దాస్తోంది. "డబ్బులు గదా సారూ" అంది. అతుక్కున్న పీచుని గోరువెచ్చటి సెలైన్‌తో నానబెడుతూ ఆమెకి చెప్పాను, విప్పిన ప్యాకెట్‌లో మిగిలింది మళ్లీ పుండు మీద వేయొద్దమ్మా, అది శుభ్రమైంది కాదిక. తలూపింది. డబ్బా మాత్రం ఇవ్వలేదు.

ఎండ ఇంకో తలనొప్పి. రోళ్లు పగిలే రోహిణి కార్తె. ఛాతీ మీద, చంక పక్కన వేసిన టేపు చెమటకి గంటలో లేచిపోయేది. రవిక తొడగలేదు, నైటీ ఒరుసుకుంటుంది. చివరికి కొడుకు మెత్తబడిన పాత బనియన్ ఒకటి నడుం దాకా కత్తిరించి, పక్కన చీల్చి, ముడులు వేసుకునేలా కుట్టించాడు. ప్యాడ్ దాని కింద కదలకుండా నిలిచింది. మా దగ్గరున్న ఏ బ్యాండేజీ కంటే అదే బాగా పనిచేసింది, ఇప్పుడు వేరే రోగులకి కూడా అదే చెబుతున్నాను.

వెండి మొదలుపెట్టిన 14వ రోజున, అంటే ఆపరేషన్ తర్వాత 34వ రోజున, ఆపేశాను. రెండు వారాలకోసారి ఆగి చూడాలి, ఇన్ఫెక్షన్ గుర్తులు పోతే వెండి మానేయాలి, ఇది చాలాకాలంగా నిపుణులు ఒప్పుకున్న పద్ధతి. అలవాటుగా నెలల తరబడి వెండి వేస్తుంటారు, కొత్త కణాలకి అది మేలు చేయదు, జేబుకి అసలే చేయదు. పుండు అప్పటికి మూడున్నర సెంటీమీటర్ల పొడవు, ఒకటిన్నర వెడల్పు, దానిమ్మ గింజల్లా ఎర్రటి గ్రాన్యులేషన్, అంటే పుండు పూడ్చే కొత్త కండ. మందేమీ లేని మామూలు సిలికాన్ ఫోమ్ కట్టుకి మారాం. తడి నిలవాలి, అంతే. పుండు తడిగా ఉంటే పైచర్మం త్వరగా పాకుతుందని జార్జ్ వింటర్ పందుల మీద చేసి చూపించింది 1962లో. అరవై ఏళ్లు దాటినా మన పల్లెల్లో పుండు ఆరాలి, పక్కు కట్టాలి అనే మాటే నడుస్తోంది.

ఆ రోజే కొడుకు ఫోన్ తీసి ఒక వీడియో చూపించాడు. కణితి తీసేసిన చోట జెల్ పట్టీ పెడితే అది కీమో మందు వదులుతూ క్యాన్సర్ మళ్లీ రాకుండా చేస్తుందట. "అదేదో ఏస్తే సూదులు తప్పుతాయి గదా సార్, అమ్మ ఓర్చుకోలేదు." అలాంటి పరిశోధన జరుగుతున్న మాట నిజం. ఎలుకల్లో మంచి ఫలితాలు వచ్చినవీ ఉన్నాయి. కణితి తీసిన చోట మందు పెట్టడం అనేది మెదడు ఆపరేషన్లలో నిజంగానే ఉంది, కార్ముస్టిన్ అనే కీమో మందు బిళ్లలకి అమెరికాలో 1996లోనే అనుమతి వచ్చింది, ఖాళీ అయిన గుంతలో ఎనిమిది బిళ్లల దాకా పరుస్తారు. కానీ అది మెదడు, ఆ గుంత వేరు. రొమ్ము పుండు మీద నేను వేసిన వెండికీ క్యాన్సర్‌కీ సంబంధం లేదు. వెండి చంపేది బ్యాక్టీరియాని. ఆమె మూడు గ్రంథుల దాకా పాకిన జబ్బు అప్పటికే ఒంట్లో ఇంకెక్కడైనా ఉందేమోనని కీమో ఇస్తున్నాం, ఛాతీ మీద పెట్టిన పట్టీ అక్కడిదాకా పోదు. ఇదంతా చెప్పాను. కాస్త నిరాశపడ్డాడు. అయినా తేదీ ఎప్పుడని అడిగాడు.

ఇక్కడొక పిల్ల డాక్టరు ప్రశ్న కూడా రాయాలి. మా దగ్గర ట్రైనింగ్‌కి వచ్చిన అబ్బాయి, ఇలాంటి షుగర్ రోగులకి ఆపరేషన్ టేబుల్ మీదే జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ నింపిన కొల్లాజెన్ స్పాంజ్ పెట్టి కుట్టేస్తే ఈ గొడవంతా ఉండదు కదా సార్ అన్నాడు. వినడానికి బాగుంటుంది. అమెరికాలో పెద్దపేగు ఆపరేషన్లలో 602 మంది మీద చేసిన ఆ ప్రయోగం 2010లో అచ్చయింది. స్పాంజ్ పెట్టినవాళ్లలో 30 శాతం మందికి గాయం చీము పట్టింది, పెట్టనివాళ్లలో 20.9 శాతం మందికే. పెడితే తగ్గాల్సింది పెరిగింది. పేగు వేరు, రొమ్ము వేరు, ఒప్పుకుంటాను. కానీ మందు వదిలే వస్తువు కాబట్టి మేలే చేస్తుందని అనుకోకూడదు. కుట్లు చక్కగా వేసి మూసిన గాయానికి ఇన్ఫెక్షన్ రాకుండా ఖరీదైన కట్టులు వేయనక్కర్లేదని, మామూలు కట్టు చాలని 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పింది. నేను వెండి తీసేది పుండు తెరుచుకుని, ఇన్ఫెక్షన్ పట్టినప్పుడు మాత్రమే. క్యాన్సరే చర్మం చీల్చుకుని బయటపడ్డ పుళ్లు ఇంకో సంగతి, అక్కడ కంపు తగ్గడానికి మెట్రోనిడజోల్ జెల్ వాడతాం.

41వ రోజున కీమో మొదలైంది. ఎర్ర పెన్ను తేదీకి ఒక రోజు ముందు. పుండు పూర్తిగా మానలేదు, రెండున్నర సెంటీమీటర్ల గీత మిగిలింది. శుభ్రంగా, ఎర్రగా, చుట్టూ ఏ ఎరుపూ లేకుండా ఉంది కాబట్టి ఆంకాలజిస్టుతో ఫోన్లో మాట్లాడి, ఫొటోలు పంపి, ఇద్దరం సరేననుకున్నాం. పూర్తిగా మూసుకునేదాకా ఆగి ఉంటే ఇంకొన్ని వారాలు పోయేవి.

మొదటి విడత తర్వాత 11వ రోజున వచ్చింది. తెల్లకణాలు 2,100. పుండు పాలిపోయి, దానిమ్మ రంగు కాస్తా ఉడికిన మాంసం రంగులోకి దిగింది. ఒక్క మిల్లీమీటరు కూడా తగ్గలేదు. కోడలు భయపడింది, మళ్లీ వెండి వేద్దామా అంది. రసి లేదు, వాసన లేదు, జ్వరం లేదు. వద్దన్నాను. కీమో మందు క్యాన్సర్ కణాన్నీ పుండు పూడ్చే కణాన్నీ ఒకే కర్రతో కొడుతుంది, తెల్లకణాలు మళ్లీ పెరిగాక పుండు అదే కదులుతుంది. ఆ పది రోజులు ఫోమ్ మార్చడం, జ్వరం చూసుకోవడం తప్ప ఏమీ చేయలేదు. చేతులు ముడుచుకుని కూర్చోవడం సర్జన్‌కి అన్నిటికంటే కష్టమైన వైద్యం. మూడో వారంలో అంచు మళ్లీ లోపలికి పాకింది. రెండో విడత పట్టాక, 79వ రోజుకి పుండు మూసుకుంది.

నాలుగు విడతల మందు, ఆ తర్వాత వారానికొకటి చొప్పున 12 వారాలు పాక్లిటాక్సెల్ అనే ఇంకో కీమో మందు అయ్యాక రేడియేషన్‌కి వెళ్లింది. వెళ్లేముందు నాకు ఫోన్ చేయించి, చర్మం కమిలితే ఇంట్లో ఉన్న వెండి ముక్క వేసుకోవచ్చా అని అడిగించింది. ఒద్దే ఒద్దు అన్నాను. లోహం ఉన్న కట్టు ఛాతీ మీద ఉంటే చర్మానికి డోసు పెరిగే వీలుంది, రేడియేషన్ రోజుల్లో అలాంటిది ఏదున్నా తీసేయాలి.

అప్పుడు అర్థమైంది, ఆ స్టీలు డబ్బా ఇంకా ఉందని. అంతా అయిపోయాక చివరిసారి చూపించుకోవడానికి వచ్చినప్పుడు దాన్ని తెచ్చింది. టేబుల్ మీద పెట్టి మూత తీసింది. రెండు సగం ముక్కలు, పాలిథిన్ కవర్లో మడిచి, పక్కన ఒక కర్పూరం బిళ్ల. "యారికన్నా లేనోళ్లకి ఏద్దువులే సారూ, శానా డబ్బులు పెట్టి కొనింది." విప్పిన ముక్కలు ఎవరికీ వేయలేను. అది ఆమెకి చెప్పలేదు. డబ్బా ఖాళీ చేసి తిరిగిచ్చాను. ముక్కలు నా టేబుల్ సొరుగులో ఉన్నాయి, కొత్తగా చేరిన నర్సులకి చూపించడానికి తీస్తుంటాను. వెండి కాబట్టేమో, అంచులు బూడిద రంగులోకి తిరిగాయి.